పి.పి. నంబరు నుంచి పోర్ట్ ట్రిగ్గరింగ్ దాకా

శివరాత్రి నాటికి పల్నాటి పల్లెల్లో రెండు పనులు ఒక్కసారే మీదపడతాయి. ఒకటి కోటప్పకొండ తిరునాళ్ళ. రెండవది కళ్ళాల్లో ఎండుతున్న మిరపకాయకు కాపలా. ప్రభ కట్టిన ఊళ్ళో ఆ రాత్రి ఇంటిపట్టున ఉండే మనిషి అరుదు. ప్రభ వెంట నడిచేవారు నడుస్తారు, ట్రాక్టరు ఎక్కేవారు ఎక్కుతారు, జాగారమంతా త్రికోటేశ్వరుని సన్నిధిలోనే. కళ్ళంలో కాయ మాత్రం ఎక్కడివి అక్కడే ఉంటాయి, ఉండాలి కూడా. ఏడాది కష్టమంతా ఆ నాలుగు పట్టాల మీద పరుచుకొని ఉంటుంది.

మొన్నటి శివరాత్రికి మా బాబాయిగారి ఊరు వెళ్ళాను. మేడ ఎక్కితే కొండ మూడు శిఖరాలూ కనిపించేంత దగ్గర. కళ్ళం ఇంటి వెనకే. మా తమ్ముడు ఈసారి ఒక ఉపాయం ఆలోచించాడు. గోడకు ఒక కెమెరా బిగించి ఇంటి రౌటరుకు కలిపాడు. కొండ మీద జాగారం చేస్తూ ఫోనులోనే కళ్ళాన్ని చూసుకోవచ్చునని వాడి లెక్క. ఇంట్లో కూర్చుంటే బొమ్మ చక్కగా వస్తున్నది. వీధి గుమ్మం దాటి నాలుగడుగులు వేసి, ఫోనును ఇంటి వైఫై నుంచి తప్పించామా, బొమ్మ మాయం. వాడు ఎక్కడో చదివి, రౌటరు లోపలి పేజీ తెరిచి, పోర్ట్ ట్రిగ్గరింగ్ అన్న చోట గళ్ళన్నీ నింపాడు. అయినా ఫలితం లేదు.

"అంకెలన్నీ సరిగానే వేశాను అన్నయ్యా. తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు" అన్నాడు.

"ఇన్నేళ్ళు కంప్యూటరు చదువు చదివావు, మా కళ్ళానికి కూడా అక్కరకు రాదుట్రా అది?" అని బాబాయి నన్ను చూసి నవ్వాడు.

వాడు వేసిన అంకెలు నిజంగానే సరైనవి. తప్పు అంకెల్లో లేదు. ఆ తలుపు ఎందుకు పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే గాని, ఎందుకు తెరుచుకోలేదో అర్థం కాదు. ఆ రోజు మేడ మీద కూర్చొని వాడికి చెప్పిన కథనే కొంచెం వరుసలో పెట్టి ఇక్కడ వ్రాస్తున్నాను.

* * *

మనలో కొంచెం వయసు వచ్చినవారికి పి.పి. నంబరు గుర్తుండే ఉంటుంది. పెళ్ళి శుభలేఖల మీద, ఉత్తరాల చివర, ఉద్యోగపు దరఖాస్తుల్లో ఫోను నంబరు వేసి పక్కన "పి.పి." అని వ్రాసేవారు. ఆ నంబరు మనది కాదని, పక్కింటివారిదో కిరాణా కొట్టుదో అని అర్థం. వీధి మొత్తానికి ఒకటే ఫోను. మనం బయటకు చేసుకోవడానికి ఏ చిక్కూ లేదు. వెళ్ళి, చేసుకొని, డబ్బిచ్చి వస్తాం. చిక్కంతా బయటినుంచి మనకు రావడంలోనే. ఫోను మోగితే అది ఎవరి కోసమో కొట్టతనికి ఎలా తెలుస్తుంది? అవతలివారు పేరు చెప్పాలి, ఒక కుర్రవాడు పరుగెత్తాలి, మనం ఇంట్లో ఉండాలి.

దీనికి జనం ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. కొట్టుకు వెళ్ళి హైదరాబాదుకు ఫోను చేసి, రెండు మాటలు మాట్లాడి పెట్టేసి, "మావాడు పది నిమిషాల్లో తిరిగి చేస్తానన్నాడండీ. ఇప్పుడు మోగితే అది నాకే" అని చెప్పి బల్ల మీద కూర్చొనేవారు. కొట్టతనికి ఇక పేరడగవలసిన పని లేదు. మోగగానే రిసీవరు మన చేతికిచ్చేవాడు. పది నిమిషాలు దాటి, మనం లేచి వెళ్ళిపోతే ఆ ఒప్పందం రద్దు. ఇద్దరు మనుషులు ఒకే సమయంలో అదే మాట చెప్పి కూర్చుంటే తగవు.

పోర్ట్ ట్రిగ్గరింగ్ అంటే ఇంతే. ఇక మిగిలిందంతా వివరం.

* * *

అంతర్జాలం మొదట ఇలా ఉండేది కాదు. ప్రతి ఇంటికీ సొంత ఫోను ఉన్నట్టే, కలిసిన ప్రతి యంత్రానికీ తనదంటూ ఒక చిరునామా ఉండాలన్నది అసలు ఊహ. 1981 సెప్టెంబరులో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 791 అన్న పత్రం ఆ చిరునామాను 32 బిట్ల అంకెగా స్థిరపరిచింది. అంటే మొత్తం 429,49,67,296 చిరునామాలు. విశ్వవిద్యాలయాలూ పరిశోధనాలయాలూ మాత్రమే ఉన్న ఆ రోజుల్లో ఆ సంఖ్య తరగని గాదెలా కనిపించింది.

చిరునామా ఇల్లయితే, పోర్టు ఆ ఇంటి ద్వారం. పోర్టు అనగానే మనకు రేవు గుర్తొస్తుంది గాని, ఇక్కడ ద్వారమే దగ్గరి మాట. ఒక్కొక్క యంత్రానికి 0 నుంచి 65,535 వరకు సంఖ్యలు గల ద్వారాలు. ఉత్తరాలు 25వ ద్వారాన వస్తాయి, వెబ్ పేజీల కోసం 80వ ద్వారం తడతారు, ఫైళ్ళ బదిలీకి 21వది. ఎవరు ఎవరి తలుపునైనా తట్టవచ్చు. తట్టేవాడు, తీసేవాడు అన్న భేదం పనిని బట్టి వచ్చేదే గాని పుట్టుకతో వచ్చేది కాదు.

తొంభయ్యవ దశకం మొదట్లోనే గాదె అడుగు కనిపించడం మొదలైంది. 1994 మే నెలలో కెల్డ్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఆర్.ఎఫ్.సి. 1631 వ్రాశారు. లోపల ఎన్ని యంత్రాలున్నా సరే, వాటికి లోపలి చిరునామాలు ఇచ్చుకొని, గడప దగ్గర ఉన్న ఒక పరికరం వాటిని బయటి చిరునామాలుగా మార్చి పంపితే సరిపోతుందన్నది అందులోని ఆలోచన. దీనినే నాట్ అంటున్నాం. ఇది తాత్కాలికోపాయం మాత్రమేనని వారే అందులో చెప్పుకున్నారు. తాత్కాలికంగా వేసిన పాకలో తరాలు గడిచిపోవడం మనకు కొత్త సంగతి కాదు గదా! 1996 ఫిబ్రవరిలో ఆర్.ఎఫ్.సి. 1918 లోపలి వాడకానికంటూ కొన్ని చిరునామాలను విడిగా కేటాయించింది. మన ఇళ్ళలో కనిపించే 192.168 తో మొదలయ్యేవి ఆ కోవలోవే. అవి ఎవరి ఇంట్లోనైనా ఉండవచ్చు. కనుక గడప దాటితే వాటికి విలువ లేదు.

ఇక్కడ మన చెవికి పరిచయమైన పేరు ఒకటి తగులుతుంది. 1999 ఆగస్టులో నాట్ పరిభాషనంతటినీ క్రమబద్ధం చేసిన ఆర్.ఎఫ్.సి. 2663 కర్తల్లోనూ, 2001 జనవరిలో పాత 1631 స్థానంలో వచ్చిన ఆర్.ఎఫ్.సి. 3022 కర్తల్లోనూ మొదటి పేరు పైడా శ్రీసురేశ్‌ది. చిరునామాతో పాటు ద్వారం సంఖ్యను కూడా మార్చుతూ, ఒక్క బయటి చిరునామా వెనుక ఇంటిల్లిపాదినీ దాచే పద్ధతికి వివరమైన రూపం ఈ పత్రాల్లోనే కనిపిస్తుంది. వీధికంతటికీ ఒక పి.పి. నంబరు అన్నమాట.

* * *

మన దేశంలో ప్రజలకు అంతర్జాలం అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. ఫోను తీగను మోడెముకు తగిలించి, కీచుమని అరిపించి కలుపుకొనే ఆ రోజుల్లో, కలిసి ఉన్నంతసేపూ మన కంప్యూటరే నేరుగా అంతర్జాలంలో ఉండేది. ఇల్లు చిన్నదే, అద్దెకు తీసుకున్నదే, గంటలో ఖాళీ చేయవలసినదే. అయినా వీధి వాకిలి మనదే.

2004 అక్టోబరులో బ్రాడ్‌బ్యాండ్ విధానం వచ్చింది. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండ్ మొదలైంది. దానితో పాటు ఇళ్ళలోకి రౌటరు వచ్చింది. అమెరికాలో లింక్సిస్ వంటి సంస్థలు 1999 ప్రాంతం నుంచే ఇంటి రౌటర్లు అమ్ముతున్నాయి. ఒక కనెక్షను, నాలుగు కంప్యూటర్లు! ఎంత సుఖం! అయితే ఆ సుఖంతో పాటు మనమంతా గోడ వెనక్కి చేరాం. దొంగలు సులువుగా రాలేరు గనుక ఆ గోడ మనకు మేలే చేసింది. చుట్టాలు కూడా రాలేరన్నది తరువాత తెలిసింది.

ఆ సంగతి ముందుగా తెలిసింది కబుర్ల రాయుళ్ళకు. 1988 ఆగస్టులో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ సృష్టించిన ఐ.ఆర్.సి. అన్న కబుర్ల వ్యవస్థకు ఒక అలవాటు ఉన్నది. మనం దాని 6667వ ద్వారం తట్టగానే, "నువ్వెవరు?" అని తెలుసుకోవడానికి అది తిరిగి మన 113వ ద్వారం తడుతుంది. ఈ పరిచయపు పద్ధతిని 1993 ఫిబ్రవరిలో ఆర్.ఎఫ్.సి. 1413 వివరించింది. నేరుగా కలిసి ఉన్నప్పుడు ఇందులో ఇబ్బంది లేదు. మధ్య రౌటరు ఉంటే? మనం అడిగినదానికి, అడిగిన దారినే వచ్చే జవాబును అది గుర్తుపట్టి లోపలికి పంపుతుంది. కాని ఈ 113 తట్టడం జవాబు కాదు, కొత్త ప్రశ్న. అది ఇంట్లో ఎవరి కోసమో రౌటరుకు తెలియదు. తెలియనిదాన్ని పారేస్తుంది. అవతల సర్వరు కాసేపు ఎదురుచూసి, కొన్ని చోట్ల ఆలస్యంగా రానిస్తుంది, కొన్ని చోట్ల అసలు రానివ్వదు.

దీనికి విరుగుళ్ళు రెండు. మొదటిది పోర్ట్ ఫార్వర్డింగ్: "113వ ద్వారం తట్టినవారిని ఎప్పుడూ ఫలానా కంప్యూటరు దగ్గరికే పంపు" అని రౌటరుకు శాశ్వతంగా చెప్పిపెట్టడం. ఆ కంప్యూటరు కట్టేసి ఉన్నా ఆదేశం అలాగే ఉంటుంది. రేపు తమ్ముడి కంప్యూటరులో కబుర్లు మొదలుపెడితే మళ్ళీ మార్చాలి. రెండవది పోర్ట్ ట్రిగ్గరింగ్: "లోపలినుంచి ఎవరైనా బయటి 6667 తడితే, అప్పుడు మాత్రమే మన 113 తెరువు. వచ్చినదాన్ని ఆ తట్టినవారికే ఇవ్వు. కాసేపు ఎవరూ వాడకపోతే మూసెయ్."

రౌటరు పేజీలో నింపవలసిన గళ్ళు కూడా ఈ వాక్యంలోని ముక్కలే. ముందు ఈ ఏర్పాటుకు ఒక పేరు. తరువాత మీట నొక్కే ద్వారం, అంటే ట్రిగ్గర్ పోర్టు: మనవాళ్ళు బయట ఏ సంఖ్యను తడతారో అది, 6667. తరువాత తెరవవలసిన ద్వారం, అంటే ఇన్‌కమింగ్ పోర్టు: 113. ఒక్కటి చాలకపోతే ఇంతనుంచి ఇంతవరకు అని వరుస ఇవ్వవచ్చు. రెండింటికీ టి.సి.పి.నా, యు.డి.పి.నా అన్నది ఎంచాలి. కొన్నిటిలో గడువు కూడా అడుగుతుంది, నిమిషాల్లోనో సెకండ్లలోనో. ఎక్కువమంది పొరబడేది మొదటి రెండు సంఖ్యల దగ్గర. ట్రిగ్గరు అన్నది మనం బయటకు వెళ్ళేది, ఇన్‌కమింగ్ అన్నది బయటివారు లోపలికి వచ్చేది. తారుమారైతే ఎంతసేపు కూర్చున్నా ఫోను మోగదు.

రెండు పరిమితులు మాత్రం మరువకూడదు. ఒకే ద్వారాన్ని ఒకే సమయంలో ఇంట్లో ఇద్దరు వాడుకోలేరు. కొట్లో బల్ల మీద ఇద్దరు కూర్చున్న చందమే. రెండవది, తెరిచి ఉన్నంతసేపు ఆ ద్వారంలోంచి వచ్చేది మనం పిలిచినవాడేనా అని చాలా రౌటర్లు చూడవు. "ఇప్పుడు మోగితే నాకే" అన్నాం గదా, ఎవరు మోగించినా మన చేతికే ఇస్తాడు. అందుకే వరుస ఎంత చిన్నదైతే అంత మంచిది.

* * *

కోటప్పకొండ స్థలపురాణం ఇక్కడ నాకు తలపుకు వస్తుంది. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ కొండెక్కి స్వామిని సేవించేది. నిండు చూలాలై ఎక్కలేక, నువ్వే మా ఇంటికి రమ్మని వేడుకున్నది. ముందు నువ్వు నడు, నీ వెనుకే వస్తాను, తిరిగి మాత్రం చూడకు అన్నాడు స్వామి. దారిలో ఆమె వెనుదిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగిపోయి లింగమైనాడు. ఆ కొండ మీద ఆమెకు కూడా గుడి ఉన్నది. చిన్నప్పుడు ఆ కథలో నాకు పట్టుబడినది నియమభంగం. ఇప్పుడు పట్టుబడుతున్నది వరుస: భక్తురాలు ముందు కదలాలి, కదిలిన ఆమె వెంటే ఆయన వస్తాడు. ఆమె కదలకపోతే కథే లేదు.

మా తమ్ముడి కెమెరా కదలలేదు. వాడి చిక్కు అంతా అక్కడే ఉన్నది. ట్రిగ్గరింగ్ అన్నది ముందు తాను బయటకు వెళ్ళేవారి కోసం పుట్టింది, కబుర్లాడేవారి కోసం, ఆటలాడేవారి కోసం. గోడకు బిగించిన కెమెరా ఎవరి తలుపూ తట్టదు. ఎవరైనా వచ్చి తనను చూస్తారని కూర్చొని ఉంటుంది. లోపలినుంచి ఎవరూ మీట నొక్కనప్పుడు తలుపు ఎలా తెరుచుకుంటుంది? అలా కూర్చొని ఉండేవాటికి కావలసింది ఫార్వర్డింగ్. "సరే, అదే చేద్దాం" అని ఆ పేజీ తెరిచి నింపాం. గుమ్మం దాటి చూశాం. అదీ పనిచేయలేదు.

అప్పుడు రౌటరు మొదటి పేజీలో దాని బయటి చిరునామా ఏమిటో చూడమన్నాను. 100 తో మొదలైంది, రెండవ అంకె 64కు 127కు మధ్య ఉన్నది. కథలో చివరి అధ్యాయం అదే.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచపు ఉమ్మడి గాదెలోని చివరి చిరునామాల మూటలను ఐదు ప్రాంతీయ సంస్థలకు పంచేశారు. అదే ఏడు ఏప్రిల్ 15న మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు సంస్థ ఆఖరి మూట విప్పి, పొదుపుగా పంచడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ తరువాతే మన పల్లెలకు అంతర్జాలం వరదలా వచ్చింది. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. విద్యుత్ స్తంభాల మీదుగా గాజు తీగ ఊరూరా పాకింది. ఇంటింటికీ తీగ వచ్చింది గాని ఇంటింటికీ ఇవ్వడానికి చిరునామాలు మిగలలేదు. 2012 ఏప్రిల్‌లో ఆర్.ఎఫ్.సి. 6598 దీని కోసమే 100.64 నుంచి 100.127 వరకు గల సుమారు 42 లక్షల చిరునామాలను పక్కన పెట్టింది. కనెక్షను ఇచ్చే సంస్థ తన చందాదారులకు వీటిని ఇచ్చుకొని, వారందరి ముందు తానే ఇంకొక పెద్ద నాట్ పెట్టుకుంటుంది. ఇది ఏ ఒక్క సంస్థ చేసే పనీ కాదు. ప్రపంచమంతటా జరుగుతున్నదే.

అంటే మా బాబాయిగారి రౌటరు వీధి వాకిలి కాదు. పెద్ద చావడిలో ఒక గది తలుపు. దాన్ని బార్లా తెరిచినా, చావడి సింహద్వారం మూసే ఉన్నది. దాని తాళం మన దగ్గర లేదు. మీ ఇంట్లో ట్రిగ్గరింగ్ గాని ఫార్వర్డింగ్ గాని పనిచేయకపోతే, అంకెలతో కుస్తీ పట్టే ముందు ఈ బయటి చిరునామాను ఒకసారి చూసుకోండి. అది 100.64 నుంచి 100.127 మధ్యదైనా, 10 తోనో 192.168 తోనో మొదలైనా తప్పు మీది కాదు. పూర్వం పి.పి. నంబరున్న కొట్టుకే సొంత నంబరు లేక, వాడు కూడా పక్క ఊరి పి.పి. మీద బతుకుతున్నట్టు ఊహించుకోండి.

దారులు లేవని కాదు. లోపలినుంచే బయటకు కలిసి, ఆ కలయికను నిలిపి ఉంచుకొనే ఉపాయాలు చాలాకాలంగా ఉన్నాయి. 2003 మార్చిలో స్టన్ అనే పద్ధతి వచ్చింది, ఆగస్టులో స్కైప్ వచ్చింది. గోడకు రెండు వైపులా ఉన్నవారు ఒకే క్షణంలో ఒకరినొకరు తట్టి రంధ్రం చేసుకొనే విద్యను బ్రయన్ ఫోర్డ్, పైడా శ్రీసురేశ్, డాన్ కెగెల్ 2005లో ఒక పత్రంగా వ్రాశారు. గోడ కట్టడాన్ని వివరించిన చేయే గోడ దాటే దారిని కూడా వివరించింది. ఇవన్నీ వచ్చాక మామూలు మనుషులకు ట్రిగ్గరింగ్ పేజీ తెరిచే అవసరం తగ్గిపోయింది. ఇక అసలు మందు 128 బిట్ల కొత్త చిరునామా, ఐ.పి. 6వ కూర్పు. 1998 డిసెంబరులోనే దాని రూపం సిద్ధమైంది. అది పూర్తిగా అందిన ఇంట్లో మళ్ళీ ప్రతి యంత్రానికీ సొంత చిరునామా ఉంటుంది. ఎవరిని రానివ్వాలో ఇంటివారే చెప్పుకుంటారు. ఆ ఊరి కనెక్షనులో అది ఆ రోజుకు లేదు.

* * *

చివరికి మా తమ్ముడు అందరూ చేసేదే చేశాడు. కెమెరా కంపెనీవారి సర్వరుకు కెమెరానే వెళ్ళి కలిసేటట్టు మార్చాడు. రెండు నిమిషాల్లో బొమ్మ వచ్చింది, గుమ్మం దాటినా నిలిచింది. మా కళ్ళంలోని కాయను చూడడానికి ఎక్కడో ఉన్న ఎవరి కొట్టుకో బొమ్మను పంపి, అక్కడినుంచి తెచ్చుకొని చూస్తున్నాం. ఆ కొట్టతను మంచివాడైనంతకాలం, కొట్టు తెరిచి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. పి.పి. నంబరు రోజుల్లో కొట్టతని ముఖమైనా మనకు తెలిసేది.

చీకటి పడింది. దూరాన ప్రభల దీపాలు కొండ వైపు కదులుతున్నాయి. తమ్ముడు ఫోను చూపించి, "చూడు నాన్నా, ఇక నిశ్చింతగా కొండకు పోవచ్చు" అన్నాడు. బాబాయి ఆ బొమ్మను శ్రద్ధగా చూశాడు, బాగున్నదన్నాడు. "దొంగ వస్తే కనపడతాడు సరే, వాన చినుకు పడితే ఇది పట్టా కప్పుతుందా?" అన్నాడు.

మేము కొండకు వెళ్ళాం. ఆయన నులకమంచం కళ్ళంలో వేసుకొని, కొండ కనిపించే వైపు తల పెట్టుకొని పడుకున్నాడు.